భండారి బసవన్న లెక్క – గ్రామసభా ధర్మము



నేటి మన ప్రసంగమునకు విషయము గ్రామసభ. శివానుభవము చెప్పవచ్చినవారు పంచాయతీ సంగతి యెత్తుట యేల యని మీలో కొందరికి తోచవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని దాసోహమును నిత్యవ్రతముగా గైకొన్న మనకు ఆకలిని గూర్చి ఆలోచించుట పరాయి పని కాదు. ఆకలి యే యింట నున్నదో తెలిసికొనుట దాసోహమునకు మొదటి మెట్టు. ఆ యిల్లు ఏదో ఢిల్లీలో కూర్చున్నవారికి తెలియదు. హైదరాబాదులో నున్నవారికిని, అమరావతిలో నున్నవారికిని తెలియదు. ప్రక్క యింటివారికి తెలియును. అధికార వికేంద్రీకరణము, గ్రామ స్వపరిపాలనము అని పెద్ద పేర్లతో పిలువబడుచున్న విషయమునకు మూలమైన యుక్తి యింతియే. చట్టములు, సంఘములు, నిధులు అన్నియు ఈ యొక్క సత్యము చుట్టును అల్లుకొన్నవి.

అయితే ప్రక్క యింటివానికి తెలిసినంత మాత్రమున చాలునా? తెలిసినవాడు నోరు విప్పవలెను గదా! తెలిసియు పలుకకున్నచో దూరముననున్న ప్రభువునకును, దగ్గర నున్న పొరుగువానికిని భేదమేమి? నేటి మన విచారమంతయు ఈ ప్రశ్న మీదనే నడచును.

మొదట నా తప్పు నేను చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమునకు ప్రవచనము నిమిత్తము పోయితిని. ఆ గ్రామ నామముతో మనకు పని లేదు. మాకు ఆతిథ్యమిచ్చిన గృహస్థు సద్భక్తుడు, నిత్య లింగార్చనపరుడు, పదిమందికి అన్నము పెట్టు చేయి గలవాడు. మధ్యాహ్నము పంక్తి యింకను లేవలేదు. పంచాయతీ మనిషి యొకడు దప్పటి పుస్తకము నొకదానిని తెచ్చి ఆయన ముందుంచెను. అది గ్రామసభ తీర్మానముల పుస్తకము. ఆయన చేయి కడుగుకొని, చదువకయే సంతకము చేసెను. ఆ పుస్తకము ఆ వీధిలోని మరి నాలుగిండ్లకు పోయినది. సభ ముగిసినది!

పెరటిలో కట్టెలు దింపుచున్న ముసలమ్మ యొకతె ఇది చూచి, కొంగు సవరించుకొని, గడప కవతలనే నిలిచి, "సామీ, సభ అయిపోయెనా? పింఛను పట్టీలో నా పేరు సదివినారా?" అని నన్నడిగెను. నేను పీట మీద నున్నవాడను గనుక అంతయు నాకు తెలియునని ఆమె అనుకొన్నది. నేనేమియు చెప్పలేదు. ఆ సాయంకాలము ఆ యింటి యరుగు మీదనే దాసోహ మహిమను గూర్చి రెండు గంటలు మాటలాడితిని. జనులు మెచ్చుకొనిరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ యవ్వ పెట్టిన ప్రశ్నకు పలుకని నోటితో దాసోహమును గూర్చి యెట్లు పలికితిని?

శరణులారా! మన బసవేశ్వరుడు కల్యాణ నగరమున బిజ్జలుని కొలువులో భండారియై యుండెనని మీరెరుగుదురు. ఆయన వైరాగ్యము నపేక్షించి కొండలకు పోలేదు. ధనపుటింటి తాళపు చెవులు చేత బట్టుకొని, లెక్కలు వ్రాయుచు, వ్రాయించుచు, ఆ పనియందే శివుని కొలిచెను. పాల్కురికి సోమనాథ మహాకవి తెనుగున ద్విపదలో రచించిన బసవపురాణమును మన పెద్దలు ఇండ్లలో చదివించుకొనెడివారు. అందు రాజు ధనమును బసవన్న జంగమకోటికి ధారపోయుచున్నాడని కొండెగాండ్రు బిజ్జలునితో చెప్పిన కథ కలదు. రాజు లెక్క చూపుమనెను. బసవన్న కోపగించుకొనలేదు. "నా యంతటి భక్తుని సందేహింతురా" యని యలుగలేదు. భండారమును తెరచి లెక్క చూపెను. లోటు కనబడలేదు.

ఈ కథలో మనము సాధారణముగ మహిమను మాత్రమే చూతుము. మహిమకు ముందు ఒక మర్యాద యున్నది. అడిగినవానికి లెక్క చూపుట భక్తునకు అవమానము కాదు, అదియే ఆతని శీలము. పరుల ధనము చేత బట్టినవాడు ఎంతటి మహాత్ముడైనను లెక్కకు లోబడవలసినదే. బసవన్న వంటివాడు లెక్క చూపినపుడు, మన ఊరి సర్పంచి, మన ఊరి గుత్తేదారు, మన ఊరి సంఘాధ్యక్షుడు చూపకుండుట యెట్లు? అడుగుటకు మనము సిగ్గుపడుట యెట్లు? ఈ యొక్క నియమమును గట్టిగ పట్టుకొని దేశముల సంగతి కొంత పరిశీలింతము.

మన దేశమున ఈ ప్రయత్నము నేటిది కాదు. రాజ్యాంగములోని 40వ అధికరణము గ్రామ పంచాయతులను నెలకొల్పవలెనని రాజ్యములకు ఆదేశించినది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము మూడంతస్తుల పంచాయతీరాజ్య వ్యవస్థను సూచించినది. 1959 అక్టోబరు 2వ తేదీన రాజస్థానమందలి నాగౌరులో నెహ్రూ దానికి ప్రారంభోత్సవము చేసెను. అదే సంవత్సరము ఆంధ్రప్రదేశము కూడ ఆ మార్గమును చేపట్టినది. ఎన్నికలు సకాలమున జరుగక, నిధులు లేక, క్రమముగ ఆ వ్యవస్థ నీరసించినది. 1977లో నియమితమైన అశోక్ మెహతా సంఘము మరల దానికి ప్రాణము పోయ యత్నించినది.

బసవన్న నడయాడిన కర్ణాటకము ఇందు ముందంజ వేసినది. 1983లో చేసిన చట్టము ననుసరించి 1987లో జిల్లా పరిషత్తులకును మండల పంచాయతులకును ఎన్నికలు జరిపి, నాలుగవ వంతు స్థానములు స్త్రీలకు కేటాయించినది. ఆ కార్యమునకు సారథ్యము వహించిన మంత్రి అబ్దుల్ నజీర్ సాబు. పల్లె పల్లెకు గొట్టపు బావులు త్రవ్వించి మంచినీరిచ్చినందున కన్నడ జనులు ఆయనను ప్రేమతో "నీరు సాబు" అని పిలిచిరి. దాహము తీర్చినవానిని ఏ మతమువాడని యడుగని జనులు ధన్యులు!

పిదప 73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చినది. గ్రామసభకు రాజ్యాంగమున స్థానము లభించినది. అయిదేండ్లకొకమారు ఎన్నిక తప్పనిసరి యైనది. స్త్రీలకు కనీసము మూడవ వంతు స్థానములు కలిగినవి. నేడు మన రెండు తెలుగు రాష్ట్రములలో సగము స్థానములు వారివే. పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలు పేర్కొన్నది. మంచినీరు, పాఠశాల, రోడ్డు, చౌకధరల దుకాణము అందున్నవి. పదునారవదిగా పేదరిక నిర్మూలన కార్యక్రమమే యున్నది. అనగా పేదవాని కన్నీరు తుడుచు పని పల్లెకే అప్పగింపదగినదని రాజ్యాంగమే చెప్పుచున్నది. చెప్పుట వేరు, చేయుట వేరు. 29 విషయములలో ఎన్ని నిజముగ పంచాయతుల చేతికి వచ్చినవి, వాటితోపాటు ధనము, ఉద్యోగులు ఎంతవరకు వచ్చిరి అన్న ప్రశ్నకు ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క సమాధానము వచ్చును. అయిదేండ్ల నియమము సైతము చెల్లలేదు. ఆంధ్రప్రదేశమున 2018లో గడువు తీరిన పంచాయతులకు 2021లో గాని ఎన్నికలు జరుగలేదు. తెలంగాణమున 2024 ఆరంభమున గడువు తీరగా 2025 డిసెంబరులో గాని జరుగలేదు. ఆ నడుమ కాలమున పల్లెలను ప్రత్యేకాధికారులు పాలించిరి. సొంత యింటికి బాడుగ కావలివాడు!

ఇట అంబేద్కరు మహాశయుని హెచ్చరికను మరువరాదు. 1948 నవంబరు 4వ తేదీన రాజ్యాంగ సభలో ఆయన గ్రామమును పొగడువారిని గట్టిగ మందలించెను. గ్రామము అజ్ఞానమునకు, సంకుచితత్వమునకు, కులభేదమునకు నెలవైయున్నదని ఆయన యభిప్రాయము. అది ఊరి బయట నిలువబెట్టబడిన వాని మాట. ఊరి నడుమ కూర్చున్నవారము దానికి కోపింపరాదు, విచారింపవలెను. అధికారము ఢిల్లీనుండి దిగి ఊరికి వచ్చినదనుకొందము. అది ఊరిలో ఎక్కడ దిగును? రచ్చబండ మీదనా, పెద్ద మేడ మెట్ల మీదనా, లేక చివరి వాడలోనా? ఎవరి చేతిలో భూమి, అప్పుపత్రము, కులబలము ఉన్నవో వారి చేతికే పంచాయతీ ముద్రయు చిక్కినచో, పేదవానికి దూరపు దొర పోయి దగ్గరి దొర వచ్చినట్లగును. దూరపు దొరనుండి దాగవచ్చును. దగ్గరి దొరనుండి దాగుటకు చోటుండదు.

ఈ భయము కల్పితము కాదు. ఓఇసిడి యను అంతర్జాతీయ సంస్థకు చెందిన అభివృద్ధి కేంద్రము 19 దేశముల అనుభవములను పరిశీలించి 2004లో ఒక నివేదిక వెలువరించినది. వికేంద్రీకరణము వలన పేదరికము నిజముగ తగ్గిన దేశములు వాటిలో సుమారు మూడవ వంతే. మిగిలినచోట్ల మేలు కలుగలేదు, కొన్ని చోట్ల కీడే కలిగినది. కావున అధికారమును పంచినంతనే పేదరికము పోవునని యెవరైన చెప్పినచో నమ్మకుడు. పోయిన చోట ఎందులకు పోయినదో, పోనిచోట ఎందులకు పోలేదో తెలిసికొనుడు.

దక్షిణ అమెరికా ఖండమున బొలీవియా యను దేశము కలదు. అది ఎత్తైన కొండలు, మూలవాసి జనులు గల పేద దేశము. 1994లో అచట ప్రజా భాగస్వామ్య చట్టమొకటి వచ్చినది. జాతీయ పన్నుల ఆదాయములో 20 శాతమును జనసంఖ్య ననుసరించి పురపాలనలకు పంచవలెనని ఆ చట్టము నిర్దేశించినది. అంతకుముందు స్థానిక పాలనలకు పోవు ధనములో 86 శాతము మూడు పెద్ద నగరములకే చేరెడిది. చట్టము వచ్చిన పిదప ఆ మూడింటి భాగము 27 శాతమునకు దిగి, మిగిలిన దేశమునకు 73 శాతము పోయినది. కొండ పల్లెలకు మొదటిసారిగ సొంత ధనము వచ్చినది. వారు దానిని బడులకును, మంచినీటికిని, పారిశుద్ధ్యమునకును ఎక్కువగా వెచ్చించిరి. కేంద్ర ప్రభుత్వము వెచ్చించినపుడు ఇట్లు జరుగలేదు. మరియొక విశేషము గలదు. స్థానిక సంఘములు ఎన్నుకొన్న సభ్యులతో ప్రతి పురపాలనకును ఒక నిఘా సంఘము నేర్పరచి, పనులను కనిపెట్టియుండుటకు, అన్యాయము జరిగినచో నిధులను ఆపింపజూచుటకు దానికి అధికారమిచ్చిరి. భండారమునకు తాళపు చెవి యొకరి చేత, లెక్క అడుగు హక్కు వేరొకరి చేత నుండవలెనన్న నీతి యిది.

ఆ చట్టము దేశమంతటికి ఒక్కటియే. కాని ఫలము ఒక్కటి కాదు. పండితులు అచటి రెండు పురములను పోల్చి చూపిరి. రాజధానికి చేరువనున్న వియాచాలో మేయరు చుట్టును ఒక పెద్ద కర్మాగారపు బలము చేరినది. కాపలా కాయవలసిన సంఘము నిద్రించినది. అవినీతి పెరిగి ధనము వ్యర్థమైనది. దూరపు మెట్టసీమలోని చరాగువాలో గ్వారానీ యను మూలవాసి జనులు తమ ఊరూరి సభలలో కూర్చుండి, తమ అవసరము లేవో తామే తేల్చుకొని, పురపాలనకు తెలిపిరి. ఆ పురము మంచి పాలనకు పేరుపొందినది. 2017లో అదియే ఆ దేశమున మొదటి మూలవాసి స్వయంపాలిత ప్రాంతమైనది. చట్టము నాగలి వంటిది. చాలు దున్నువాని చేతిలో నున్నది.

ఆఫ్రికా ఖండమున ఉగాండా కథ వినుడు. అచటి ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలలకు ప్రతి విద్యార్థి పేర కొంత ధనమును జిల్లాల ద్వారా పంపెడిది. 1991 మొదలు 1995 వరకు గల కాలమును పరిశీలింపగా, పంపిన ధనములో సగటున 13 శాతము మాత్రమే పాఠశాలలకు చేరినదని తేలినది. మిగిలినది దారిలో ఇంకిపోయినది! అప్పుడు ప్రభుత్వము ఏ జిల్లాకు ఎంత పంపినదో వార్తాపత్రికలలో ప్రకటింపసాగినది. ఏ పాఠశాలకు ఎంత వచ్చినదో ఆ పాఠశాల గోడకే అతికింప నాజ్ఞాపించినది. కొన్ని సంవత్సరములలో పాఠశాలలకు చేరు భాగము 80 శాతము వరకు పెరిగినది. పత్రికా ప్రకటన యొక్కటియే దీనికి కారణము కాదని, పైనుండి తనిఖీలు మొదలగునవియు తోడైనవని కొందరు పండితులు వాదించిరి. అది నిజమే కావచ్చును. అయినను గోడ మీది కాగితమును చదివిన తల్లిదండ్రులు పంతులుగారిని అడుగనేర్చిరన్నది మాత్రము స్పష్టము. జిల్లాకు అధికారమిచ్చుట మాత్రము చాలలేదు. లెక్క వెలుగులోనికి వచ్చిన పిదపనే దారి మధ్య నున్న బొక్కలు పూడినవి.

మన దేశమునకు మరలి వత్తము. పశ్చిమ బెంగాలులో 1978లో పంచాయతీ ఎన్నికలు జరిగినవి. అదే సంవత్సరము మొదలైన ఆపరేషన్ బర్గా ద్వారా పదునాలుగు లక్షలకు పైగా కౌలుదారుల పేర్లు రికార్డులకెక్కినవి. పొలము దున్నువానికి భూమిపై కొంత ధైర్యము చిక్కిన పిదప సభలో వానికి నోరు వచ్చినది. దొర పొలములో కూలివాడు దొరకెదురుగ చేయెత్తుట యెంత కష్టమో మీరెరుగుదురు. కడుపునకు ఆధారము, నోటికి స్వాతంత్ర్యము ఒకదానినొకటి పట్టుకొని నడచును.

కేరళమున 1996లో ప్రజాప్రణాళికోద్యమము ఆరంభమైనది. రాష్ట్ర ప్రణాళికా ధనములో 35 మొదలు 40 శాతము వరకు స్థానిక సంస్థలకే విడువబడినది. గ్రామసభలు కూడి తమ అవసరములను వ్రాసికొనినవి. 1998లో ప్రారంభమైన కుటుంబశ్రీ ద్వారా పేద స్త్రీలు ఇరుగుపొరుగు సంఘములుగ నేర్పడి పంచాయతీకి చేయూత యైరి. 2021 పిదప అచటి స్థానిక సంస్థలు వాడవాడ తిరిగి కడు దీనావస్థలో నున్న కుటుంబములను గుర్తించినవి. అవి 64,006 అని లెక్క తేలినది. ఒక్కొక్క కుటుంబమునకు ఏమి కావలెనో వేరువేరుగ వ్రాసిరి. ఒకరికి మందు, ఒకరికి ఇల్లు, ఒకరికి రేషను కార్డు, ఒకరికి వండిన అన్నము. 2025 నవంబరు 1వ తేదీన తమ రాష్ట్రమున అతి పేదరికము లేదని ఆ ప్రభుత్వము ప్రకటించినది. ఆ లెక్కను శంకించిన ఆర్థిక పండితులును గలరు. ఆ శంకలకు సమాధానము చెప్పుట ప్రభుత్వపు ధర్మము, లెక్క అడుగుట ప్రజల ధర్మము. కాని మనము గ్రహింపదగినది ఆ పద్ధతి. పేదరికమనగా ఒక శాతము కాదు, ఒక యిల్లు, ఒక పేరు, ఒక కొరత. ఇంత సన్నని లెక్క రాజధానిలో కూర్చుండి వ్రాయుట కుదరదు.

స్త్రీల విషయము మరియొకటి గలదు. పశ్చిమ బెంగాలులోని బీర్భూము, రాజస్థానములోని ఉదయపూరు జిల్లాలలో జరిపిన పరిశోధన 2004లో ప్రకటింపబడినది. స్త్రీలకు ప్రత్యేకింపబడిన పంచాయతులలో మంచినీటి పనులు ఎక్కువగా జరిగినవని అందు తేలినది. ఇందు వింతయేమున్నది? కడవ మోసిన భుజమునకే నీటి దూరము తెలియును. కాని మన ఊళ్లలో జరుగునదేమి? భార్య సర్పంచి, భర్త "సర్పంచి భర్త" అను లేని పదవిలో కూర్చుండి పాలించును. ఆమె సంతకము చేయును, ఆయన మాటలాడును. అనుభవ మంటపమున అక్క మహాదేవి అల్లమప్రభువు నెదుట నిలిచి ప్రశ్నలకు తానే సమాధానము చెప్పినదని ఎనిమిది శతాబ్దములుగ చెప్పుకొనుచున్న మనము, మన యింటి ఆడుబిడ్డను పంచాయతీ కుర్చీలో నోరు విప్పనీయకుండుట యేమి న్యాయము?

శరణులారా, అనుభవ మంటపమును ఒక్కసారి కన్నుల ముందు నిలుపుకొనుడు. అచట చెప్పులు కుట్టు మాదార చెన్నయ్య పేరు చెప్పినంతనే చేతులు జోడింపబడెడివి. డోహర కక్కయ్య, మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య అచట సమానులు. వారికి ఆసనము కులము వలన రాలేదు, ధనము వలన రాలేదు. కాయకము వలనను, అనుభవము వలనను వచ్చినది. అది రాజ్య సభ కాదు, శివానుభవ గోష్ఠి. దానిని నేటి పంచాయతీతో సమానమని నేను చెప్పను. కాని కూర్చుండు తీరు మనకు ఆదర్శము. నేడు గ్రామసభలో ఎవరు కుర్చీ మీద, ఎవరు నేల మీద, ఎవరు చెట్టు చాటున నిలిచియున్నారో చూడుడు. సభ యెట్టిదో దాని చాప చెప్పును.

అయిదక్కి మారయ్య, లక్కమ్మల చరిత్రము మీకందరకు తెలిసినదే. రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చి, వండి, జంగములకు పెట్టి, తాము భుజించుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు కావలసినది ఇంతియే గదా, ఈ యెక్కువ యేల, తెచ్చినచోటనే పోసి రమ్మని పంపినది. ఆ పేదరాలి చేతిలో తూనికరాయి లేదు, మనసే తూనిక. ప్రభుత్వ పథకముల పట్టీలు మన ఊరికి వచ్చినపుడు ఈ తల్లిని తలచుకొనవలెను. నాకు రావలసినది కాని ఇల్లు, నాకు రావలసినది కాని పింఛను నా పేర వచ్చినచో, అది ఎక్కువ తెచ్చిన బియ్యమే. దానిని తిరిగి పోసి రావలసినదే. ఎందుకన, ఆ గింజ నా పాత్రలో పడినపుడు మరియొకని పాత్ర ఖాళీ యైనది.

ఇక కర్తవ్యము. మనలో భూమి గలవారున్నారు, కూలి చేసికొనువారున్నారు. మాట చెల్లువారున్నారు, చెల్లనివారున్నారు. మాట చెల్లువారికే నేను చెప్పుచున్నాను. గ్రామసభ జరుగు దినమున పొలము పని మాని యైనను పొండు. ఇంటికి వచ్చిన పుస్తకమున సంతకము చేయకుడు. సభకు పోయి, సభలో చేయుడు. లబ్ధిదారుల పట్టీని పేరు పేరున బిగ్గరగ చదివింపుడు. ఎంత ధనము వచ్చినది, దేనికి ఖర్చైనది అడుగుడు. అడిగినవానిని శత్రువుగ చూడకుడు. మీరే పదవిలో నున్నచో బసవన్న వలె భండారము తెరచి చూపుడు. స్త్రీ ఎన్నికైనచో ఆమెనే కూర్చుండనిండు. చివరి వాడ జనులు వచ్చువరకు సభను ఆరంభింపకుడు. మఠములకును ఒక విన్నపము. దాసోహమునకు వచ్చిన ధాన్యము, ధనము ఎంత, వ్యయమెంత అని పండుగ పండుగకు మఠపు గోడ మీద వ్రాయింపుడు. మనము చూపని లెక్కను సర్కారు నడుగు అర్హత మనకు లేదు.

ఆంధ్రదేశమున 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకమునకు దేశమునకంతటికి ప్రారంభోత్సవము జరిగినది. ఆ పిదప మన పల్లెలలో సామాజిక తనిఖీ యను పద్ధతి వ్యాపించినది. కూలివారి యిండ్లకు పోయి, హాజరు పట్టీలోని దినములను వారు నిజముగ చేసిన దినములతో సరిచూచి, నలుగురిలో చదివిరి. చనిపోయినవారి పేర కూలి వ్రాసిన పట్టీలు కూడ అట్లు బయటపడినవి. తిన్న ధనమంతయు తిరిగి వచ్చినదని నేను చెప్పను. కాని చదువురాని కూలివాడు నలుగురిలో లేచి "నేను ఆ దినము పనికి పోలేదు" అని నిజము పలికెను. అదియు ఒక వచనమే.

చివరకు మొదటి కథ. ఆ రాత్రి నిద్ర లేక, తెల్లవారిన పిదప ఆ గృహస్థుతో ఏకాంతమున మాటలాడితిని. "అయ్యా, మీ పెరటిలో కట్టెలు దింపిన అవ్వ నన్నొక మాట అడిగినది. నాకు సమాధానము లేదు. మీ వద్ద నున్నదా?" అంటిని. ఆయన చాలసేపు మౌనముగ నుండి, "స్వామీ, ఆ పట్టీలో మా పినతండ్రి కొడుకు పేరున్నది. అతనికి పదునైదెకరములు మాగాణి. అందుకే చదువనీయరు" అనెను. నేను ఆజ్ఞాపింపలేదు. లక్కమ్మ కథ మాత్రము చెప్పి వచ్చితిని.

మరుసటి సంవత్సరము ఆ ఊరికి మరల పోయితిని. పంక్తిలో ఒక పీట ఖాళీగ నున్నది. పినతండ్రి కొడుకు రాకపోకలు మానెనని తెలిసినది. గృహస్థు తరువాతి గ్రామసభకు తాను స్వయముగ పోయి, పట్టీ చదువుమని పట్టుబట్టెనట. చదివిరి. ఆ పేరు కొట్టివేయబడినది. ఆ యవ్వ పేరు వ్రాయబడినది. "అన్నదమ్ముల మధ్య మాట పోయినది స్వామీ" అని ఆయన నాతో చెప్పినపుడు కంఠము గద్గదమైనది. నేను ఓదార్చలేదు. ఓదార్పుతో తీరునది కాదది. దాసోహమునకు వెల గలదు. అన్నమునకైన వెల అందరు నీయగలరు. ఈ వెలను కొందరే యిత్తురు.

ఆ మధ్యాహ్నము ఆ అవ్వ మరల కట్టెలతో వచ్చినది. ఈమారు ఆమె నన్నేమియు నడుగలేదు. గృహస్థు తానే లేచి గడప వరకు పోయి, "అవ్వా, లోపలికి రా, పంక్తిలో కూర్చో" అనెను. ఖాళీగ నున్న ఆ పీట మీద ఆమె కూర్చున్నది.

శరణులారా, మన ఊరి పంక్తిలో అట్టి పీట యొకటి ఎవరి కొరకో ఎదురుచూచుచున్నది. అది యెవరిదో ప్రక్క యింటివారమైన మనకు తెలియును. తెలిసినది పలుకుటయే నేటి మన కాయకము.

శరణు శరణార్థి.